పోప్లాలో అప్పీల్: కెమెరా పంపిన పార్కింగ్ చార్జ్‌పై నా రివ్యూ

యూకేలో ప్రైవేటు పార్కింగ్ కంపెనీ పంపిన లెటర్ మీ ఇంటికొచ్చి, అందులో రాసింది తప్పని మీకు ఖాయంగా తెలిస్తే, వెళ్లడానికి ఒక చోటు ఉంది. దాని పేరు పోప్లా. కంపెనీకి రాసినా ఒప్పుకోకపోతే, రెండు పక్షాల కాగితాలు చూసి నిర్ణయం చెప్పే స్వతంత్ర సర్వీసు ఇది. మనం ఒక్క పెన్నీ కూడా కట్టక్కర్లేదు, ఖర్చు పార్కింగ్ కంపెనీలే భరిస్తాయి. నిర్ణయం మన వైపు వస్తే కంపెనీ చచ్చినట్టు ఒప్పుకోవాలి. మనకి వ్యతిరేకంగా వస్తే మాత్రం దానికి మనం కట్టుబడి ఉండాలని లేదు. నేను వాడాను, నా చార్జ్ రద్దయింది. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను.

ఇంత వివరంగా రాయడానికి కారణం మన వాళ్ల భయం. నేను కేర్ హోమ్‌లో నర్సుగా చేస్తాను. మాతో పాటు కేరర్‌గా చేసే మన తెలుగమ్మాయికి ఇలాంటి లెటరే వస్తే చేతులు వణుకుతూ తెచ్చి చూపించింది. "అక్కా, కట్టేస్తే గొడవ వదిలిపోతుంది కదా, రేపు ఐఎల్‌ఆర్‌కి అడ్డొస్తే ఏం చెయ్యను?" అని ఒకటే టెన్షన్. ఐఎల్‌ఆర్ అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండటానికి ఇచ్చే అనుమతి. తన తప్పు ఉందా లేదా అన్న ప్రశ్నే ఆ అమ్మాయికి రాలేదు. నెల జీతంలో 60 పౌండ్లు పోతే ఇంటికి పంపే డబ్బులో కోత పడుతుందని తెలిసి కూడా కట్టడానికే సిద్ధపడింది. ఇలా భయంతో కట్టేసిన వాళ్లు నా చుట్టూనే చాలామంది ఉన్నారు.

ముందు ఆ భయం సంగతి. ప్రైవేటు పార్కింగ్ చార్జ్ నేరం కాదు. పోలీసులకి దానితో సంబంధం లేదు, లైసెన్స్ మీద పాయింట్లు పడవు. కౌన్సిల్ వేసే పెనాల్టీ వేరు, దాని అప్పీల్ ట్రైబ్యునల్‌కి వెళ్తుంది. ప్రైవేటు కంపెనీది మాత్రం, "బోర్డు మీద మా షరతులు రాసి పెట్టాం, అవి చూసి బండి పెట్టారు, షరతు మీరారు, కాబట్టి ఇంత కట్టండి" అని ఒప్పందం మీద అడిగే డబ్బు. అలాగని చించి చెత్తబుట్టలో వేసెయ్యమని చెప్పే వాళ్ల మాట కూడా వినకండి. 2015లో సుప్రీంకోర్టు పార్కింగ్ ఐ వర్సెస్ బీవిస్ కేసులో తేల్చి చెప్పింది. చెమ్స్‌ఫర్డ్‌లోని ఒక రిటైల్ పార్కులో రెండు గంటల ఉచిత సమయం దాటి దాదాపు గంటసేపు ఎక్కువ ఉన్నందుకు వేసిన 85 పౌండ్ల చార్జ్ చెల్లుతుందని తీర్పిచ్చింది. అంటే బోర్డు స్పష్టంగా ఉండి, సమయం నిజంగా మీరితే కోర్టులో గెలవడం కష్టం. పోరాడాల్సింది లెటర్ తప్పయినప్పుడు. తప్పు లెటర్లు తక్కువేం కాదు.

నాది అలాంటిదే. నైట్ డ్యూటీ దిగి ఇంటికొస్తూ, దారిలో ఉన్న రిటైల్ పార్కులో ఆగి ఒక పార్సిల్ రిటర్న్ ఇచ్చి, ఇంటికెళ్లి పడుకున్నాను. పిల్లలు స్కూల్ నుంచి వచ్చాక సామాన్ల కోసం మళ్లీ అక్కడికే వెళ్లాను. కొన్నాళ్లకి లెటర్ వచ్చింది. ఉదయం 8.41కి లోపలికి వచ్చారు, సాయంత్రం 5.26కి బయటికి వెళ్లారు, ఇక్కడ మూడు గంటలే అనుమతి, కాబట్టి 100 పౌండ్లు కట్టాలి, 14 రోజుల్లోపు కడితే 60 చాలు అని. కింద రెండు చిన్న ఫోటోలు. ఒకదాంట్లో నా కారు ముందు వైపు తెల్ల ప్లేటు, ఇంకోదాంట్లో వెనక పసుపు ప్లేటు. చూసేవాళ్లకి కొట్టొచ్చినట్టు నిజమే అనిపిస్తుంది. ఆ మధ్య ఎనిమిది గంటల్లో నా కారు ఎక్కువసేపు మా ఇంటి ముందే ఉందన్న సంగతి ఆ ఫోటోలు చెప్పవు.

ఇది జరిగే తీరు తెలుసుకోవాలి. గేటు దగ్గరి ఏఎన్‌పీఆర్ (నంబర్ ప్లేటు చదివే) కెమెరా కారు ఎక్కడ ఆగిందో, ఎంతసేపు ఆగిందో చూడదు. లోపలికి వచ్చే ప్లేటు, బయటికి వెళ్లే ప్లేటు, రెండు టైములు రాసుకుంటుంది, అంతే. ముందు వ్యాను వెళ్తుంటే వెనకే ఆనుకుని వెళ్లిన కారు ప్లేటు దానికి అందదు. మట్టి, వాన, ఎదురెండ ఉన్నా అంతే. పొద్దున నేను బయటికి వెళ్లిన క్షణం దానికి దొరకలేదు. దాంతో పొద్దుటి రాకని సాయంత్రం పోకతో జత కట్టేసింది. పార్కింగ్ వాళ్ల మధ్య దీనికి డబుల్ డిప్ అని పేరే ఉంది. అంత మామూలు విషయం. పార్కింగ్ కంపెనీల సంఘాలు కలిసి రాసుకుని, 2024 అక్టోబర్ నుంచి అమల్లోకి తెచ్చిన ఉమ్మడి నియమావళిలో కూడా, లెటర్ పంపే ముందు మనిషి చూసి సరిచూడాలని, ముఖ్యంగా ఈ డబుల్ డిప్ కోసం చూడాలని రాసి ఉంది. ఏఎన్‌పీఆర్ పట్టిన రెండు టైముల మధ్య వ్యవధి అంతా పార్కింగ్ సమయం కాదని కూడా గుర్తుంచుకోండి. ఖాళీ కోసం తిరగడం, బోర్డు చదవడం, బయటికి వెళ్లే క్యూ అన్నీ అందులోనే కలిసి ఉంటాయి. అనుమతి సమయం అయ్యాక కనీసం 10 నిమిషాల గ్రేస్ ఇవ్వాలని నియమావళే చెప్తోంది.

నేను మొదట వెళ్లింది ఆ షాపు కస్టమర్ సర్వీస్ డెస్క్‌కి. అక్కడ కొన్న బిల్లు చూపిస్తే మేనేజర్ ఒక్క మెయిల్‌తో రద్దు చేయించిన సందర్భాలు చాలా ఉన్నాయి, స్థలం వాళ్లది కాబట్టి వాళ్ల మాట చెల్లుతుంది. ఎవరికైనా మొదటి అడుగు అదే అని చెప్తాను. నాకు మాత్రం "కెమెరా కంపెనీతోనే మాట్లాడుకోండి" అన్నారు. సరే అని కంపెనీ వెబ్‌సైట్‌లో అప్పీల్ పెట్టాను. పార్సిల్ రసీదు, సాయంత్రం బ్యాంకు కార్డు చెల్లింపు, మా డోర్‌బెల్ కెమెరాలో కారు వచ్చిన టైముతో సహా బొమ్మ, అన్నీ జత చేశాను. వచ్చిన జవాబులో వాటి గురించి ఒక్క ముక్క లేదు. "మా కెమెరాలు నమ్మదగినవి, బోర్డులు స్పష్టంగా ఉన్నాయి" అని అందరికీ పంపే లెటర్. నాకు నిజంగా కోపం వచ్చింది. పొద్దంతా కారు మా ఇంటి ముందుందని బొమ్మ చూపిస్తే కనీసం తెరిచి చూడని వాళ్లు, అదే లెటర్లో మళ్లీ 60 పౌండ్లు అడిగారు. ఆ లెటర్ చివర పది అంకెల పోప్లా కోడ్ ఇచ్చారు. అది 28 రోజులే పనిచేస్తుంది.

అప్పీల్ పెట్టిన రోజే నేను చేసిన ఇంకో పని నా కేసుని నిలబెట్టింది. ఆ కంపెనీ డేటా ప్రొటెక్షన్ మెయిల్‌కి, ఆ రోజు నా నంబర్ ప్లేటుతో మీ దగ్గరున్న ప్రతి ఫోటో, ప్రతి రికార్డు పంపండి అని రాశాను. సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్ అంటారు. ఉచితం, నెలలోపు ఇవ్వాలని చట్టం. వచ్చిన ఫైల్లో రెండు కాదు, మూడు ఫోటోలు ఉన్నాయి. 8.41కి తెల్ల ప్లేటు. 5.26కి పసుపు ప్లేటు. మధ్యలో, సాయంత్రం 4.38కి, మళ్లీ తెల్ల ప్లేటు. హెడ్‌లైట్లు వేసి ఉన్నాయి, పక్క సీట్లో నా పెద్దకూతురి స్కూల్ జాకెట్ కూడా కనిపిస్తోంది. అంటే ఒకే కారు రెండుసార్లు లోపలికి వచ్చింది. బయటికి వెళ్లకుండా ఏ కారూ రెండోసారి లోపలికి రావడం కుదరదు. ఆ ఫోటో మొదటి నుంచీ వాళ్ల దగ్గరే ఉంది. జత దొరకలేదని పక్కన పడేసి, నాకు లెటర్ పంపేశారు.

ఇక పోప్లా. వెబ్‌సైట్ సాదాగా ఉంటుంది, ఫోన్‌లో కూడా నడుస్తుంది. కోడ్, కారు నంబర్ ఇస్తే మన కేసు తెరుచుకుంటుంది. కారణం ఎంచుకోమంటుంది, తర్వాత రాసుకునే పెట్టె, ఫైళ్లు అప్‌లోడ్ చేసే చోటు. పెట్టెలో పెద్ద కథ రాయకుండా, విషయం అంతా పీడీఎఫ్‌గా చేసి, ప్రతి ఫోటోకి నంబర్ వేసి పెట్టాను. చదివే వాళ్లకి మూడో పేజీలోని 4.38 ఫోటో వెంటనే కనపడాలని నా తాపత్రయం. మనం పెట్టాక కంపెనీ తన ఆధారాలు పెట్టాలి. నా కేసులో అది చాంతాడంత ఫైలు. బోర్డుల ఫోటోలు, పార్కింగ్ మ్యాపు, స్థలం యజమానితో ఒప్పందంలో సగం నల్లటి చారలు కొట్టిన పేజీలు, చివర్లో కెమెరా చిట్టా. ఆ చిట్టాలో 4.38 లేదు. దాని మీద వ్యాఖ్య రాయడానికి మనకి ఏడు రోజులు ఇస్తారు. వరస నైట్ డ్యూటీలు ఉన్నవాళ్లకి అది మరీ తక్కువ, మెయిల్ రోజూ చూసుకుంటూ ఉండాలి. నేను నాలుగు వాక్యాలే రాశాను. కంపెనీ ఇచ్చిన చిట్టాకి, అదే కంపెనీ నాకు పంపిన డేటాకి పొంతన లేదు, ఫలానా పేజీ చూడండి అని.

నిర్ణయం మెయిల్‌లో వచ్చింది. నాకు బాగా నచ్చింది గెలవడం కంటే ఆ నిర్ణయం రాసిన పద్ధతి. ముందు కంపెనీ వాదన, తర్వాత నా వాదన, తర్వాత ఏ ఆధారం ఎందుకు బరువైందో. చార్జ్ సరిగ్గా వేశామని రుజువు చేయాల్సిన బాధ్యత కంపెనీదేనని, నా కారు మొత్తం సమయం లోపలే ఉందని చూపించలేకపోయిందని స్పష్టంగా రాశారు. నేను పంపిన కాగితాలు ఎవరో మనిషి కూర్చుని చదివారని తెలిసింది. కంపెనీ లెటర్ చదివాక నాకు కావాల్సింది అదే.

మా కేరర్ అమ్మాయిది వేరే దారి. ఆమె కేసు అర్థం కావాలంటే 2012లో వచ్చిన ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టం తెలియాలి. ఇంగ్లండ్, వేల్స్‌లో ప్రైవేటు స్థలాల్లో చక్రాలకి క్లాంపులు వేయడాన్ని ఆపింది ఆ చట్టమే. దానికి బదులుగా, డ్రైవర్ ఎవరో తెలియకపోతే కారు రిజిస్టర్డ్ కీపర్ (కారు ఎవరి పేరు మీద రిజిస్టర్ అయిందో వాళ్లు) నుంచి డబ్బు వసూలు చేసుకునే హక్కు కంపెనీలకి ఇచ్చింది. కంపెనీ, వాహనాల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్‌ఏకి 2.50 పౌండ్లు కట్టి కీపర్ పేరు, అడ్రస్ తీసుకుంటుంది. ఏడాదికి ఇలా కోటికి పైగా అడుగుతారు. కానీ ఆ హక్కుకి గడువు ఉంది. కారు మీద టికెట్ అంటించకుండా కెమెరాతోనే పట్టుకున్నప్పుడు, పార్కింగ్ అయిపోయిన మర్నాటి నుంచి లెక్కపెట్టి 14 రోజుల్లోపు కీపర్‌కి నోటీసు అందాలి. పోస్ట్ చేసిన రెండో పనిదినాన అందినట్టు లెక్క. ఆ అమ్మాయి నోటీసు మీద ఉన్న తేదీయే ఆ గడువు దాటిపోయి ఉంది. కవరు పారెయ్యకుండా దాచుకుంది, మంచి పని చేసింది.

అలాంటి కేసులో రాసే మాటలు చాలా ముఖ్యం. "నేను అక్కడ పార్క్ చేశాను" అని రాశారంటే డ్రైవర్ మీరేనని మీరే చెప్పినట్టు, ఇక కీపర్ గడువుతో పని లేదు. "ఈ వాహనం రిజిస్టర్డ్ కీపర్‌గా రాస్తున్నాను, నోటీసు చట్టం చెప్పిన గడువులో అందలేదు, కాబట్టి కీపర్ బాధ్యత రాదు" అని రాయాలి. ఇందులో అబద్ధం ఏమీ లేదు. ప్రైవేటు కంపెనీకి డ్రైవర్ ఎవరో చెప్పాలని చట్టం ఎక్కడా అనలేదు. కంపెనీ మొదట కాదంది. పోప్లాకి వెళ్లగానే, ఇక పోటీ చేయడం లేదని చెప్పి తనే రద్దు చేసుకుంది. ఆ రోజు బ్రేక్ రూమ్‌లో ఆ అమ్మాయి మొహం చూశాక ఇదంతా రాసి పెట్టాలని గట్టిగా అనుకున్నాను.

పోప్లాకి వెళ్లే ముందు లెటర్ మీద గుర్తు చూసుకోండి. పార్కింగ్ కంపెనీలకి బీపీఏ, ఐపీసీ అని రెండు సంఘాలున్నాయి. కంపెనీ బీపీఏ సభ్యురాలైతే పోప్లా. ఐపీసీ సభ్యురాలైతే ఐఏఎస్ అనే వేరే అప్పీల్ సర్వీసు, అక్కడి పద్ధతి వేరు, ఈ రివ్యూ దానికి వర్తించదు. రెండోది డబ్బు సంగతి. పోప్లా దాకా వెళ్తే 60 పౌండ్ల తగ్గింపు మామూలుగా పోతుంది, ఓడితే 100 అడుగుతారు. ఆధారం చేతిలో ఉంటేనే వెళ్లండి. ఊరికే ఒక రాయి వేసి చూద్దాం అనుకునే వాళ్లకి ఇది సరైన చోటు కాదు.

స్టార్ తగ్గించింది ఇందుకే. పోప్లా నియమం చూస్తుంది, మనిషి కష్టం చూడదు. ఆసుపత్రిలో నొప్పులు పడుతున్న భార్య పక్కన ఉండి టైము దాటిపోయిన భర్త అయినా, చెక్ అవుట్ దగ్గర మిషన్ పాడై ఆగిపోయిన వాళ్లయినా, బోర్డు స్పష్టంగా ఉండి సమయం దాటితే అప్పీల్ నెగ్గడం కష్టం. ఫోన్‌లో వాదన చెప్పుకునే వీలు లేదు, హియరింగ్ లేదు, అంతా కాగితం మీదే. ఇంగ్లీషులో రాయడం రాని పెద్దవాళ్ల గతేంటి? కంపెనీ దగ్గరి మొదటి అప్పీల్లో మాత్రం ఇలాంటి కష్టాలకి కొంత చోటు ఉంది. ఉమ్మడి నియమావళి ప్రకారం నంబర్ ప్లేటు టైపు చేసేటప్పుడు ఒక అక్షరం పొరపాటు పోతే, సున్నాకి బదులు ఓ కొట్టడం లాంటిది, చార్జ్ రద్దు చేయాలి. అంతకంటే పెద్ద పొరపాటైతే, అలాంటి మరికొన్ని సందర్భాల్లో, 20 పౌండ్లకి తగ్గించాలి. 2025 ఫిబ్రవరి నుంచి ఇంకో మార్పు వచ్చింది. సిగ్నల్ లేక, యాప్ మొరాయించి, లోపలికి వచ్చిన ఐదు నిమిషాల్లో కట్టలేకపోయినా, కెమెరాలున్న పార్కింగుల్లో బయటికి వెళ్లేలోపు కట్టేస్తే ఆలస్యం పేరుతో చార్జ్ వేయకూడదు. ఇవి మొదటి అప్పీల్లోనే రాయండి.

ఇల్లు మారే వాళ్లకి ప్రత్యేకంగా చెప్తున్నాను, మన వాళ్లు ఏడాదికో ఇల్లు మారతారు కాబట్టి. వీ5సీ లాగ్ బుక్‌లో (కారు రిజిస్ట్రేషన్ కాగితం) అడ్రస్ మార్చకపోతే ఈ లెటర్లన్నీ పాత ఇంటికి వెళ్తాయి. మీకు తెలియకుండానే డెట్ కలెక్టర్ల పేరుతో ఇంకో 70 పౌండ్లు కలుస్తాయి. వాళ్లు బేలిఫ్‌లు కాదు, ఇంట్లోకి వచ్చి సామాన్లు తీసుకుపోయే అధికారం వాళ్లకి లేదు, ఆ లెటర్లకి బెదరక్కర్లేదు. కానీ కోర్టుకి వెళ్లే ముందు పంపే లెటర్ బిఫోర్ క్లెయిమ్ వస్తే 30 రోజుల్లో జవాబివ్వాలి. కౌంటీ కోర్టు క్లెయిమ్ ఫారం వస్తే దాని గడువులు అస్సలు దాటకూడదు. జవాబివ్వకపోతే విచారణ లేకుండానే సీసీజే, అంటే డబ్బు కట్టాలని కౌంటీ కోర్టు తీర్పు, పడుతుంది. నెలలోపు మొత్తం కట్టకపోతే ఆరేళ్లు రికార్డులో ఉండి, ఇల్లు అద్దెకి అడిగినా మార్ట్‌గేజ్ అడిగినా ఎదురొస్తుంది. తెలిసిన కుటుంబానికి సరిగ్గా ఇదే జరిగింది, ఇల్లు కొనడానికి డిపాజిట్ సిద్ధం చేసుకున్నాక బయటపడింది.

2019లోనే పార్లమెంటు ప్రైవేటు పార్కింగ్‌కి ప్రభుత్వమే నియమావళి రాయాలని చట్టం చేసింది. 2022 ఫిబ్రవరిలో ప్రచురించారు, కంపెనీలు కోర్టుకెక్కడంతో ఆ జూన్‌లోనే వెనక్కి తీసుకున్నారు. 2025 జూలైలో మళ్లీ అభిప్రాయాలు అడగడం మొదలుపెట్టారు. నేను కూడా ఒక్కటే రాసి పంపాను. ఏఎన్‌పీఆర్‌తో చార్జ్ వేసే కంపెనీ, ఆ రోజు ఆ ప్లేటుతో కెమెరాకి దొరికిన ప్రతి ఫోటోనీ మొదటి లెటర్‌తోనే పంపాలి, జత దొరకని వాటితో సహా. నా 4.38 ఫోటో మొదటి లెటర్లో ఉండి ఉంటే పోప్లా దాకా వెళ్లే పనే ఉండేది కాదు.